బర్నబా ఇద్దరైన దసరా

2001 దసరా నాడు పాశమైలారంలో బర్నబా అనే మనిషి ఇద్దరయ్యాడు. పొద్దున పదకొండు దాకా ఒక్కడే ఉన్నాడు. పన్నెండు కొట్టేసరికి ఇద్దరు. ఒకడు నిజం చెప్పాడు, ఇంకొకడు అబద్ధం చెప్పాడు, ఇద్దరి సంతకమూ ఒక్కటే. నేను కళ్ళారా చూశాను.

సరే, కళ్ళారా అన్నది కొంచెం ఎక్కువైంది. ఆ వేళకు నేను మా మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో కూర్చుని, ఆయుధ పూజకు తెచ్చిన కొబ్బరికాయల్లో కుళ్ళినవి ఏరుతున్నాను. ఇద్దరైంది కూడా బర్నబా కాదు, బర్నబా టైపు చేసిన ఒక ఫైలు. కానీ ఆ ఫైలు రెండుగా చీలినందుకు ఒక మనిషి చెయ్యి కాలింది. అతని నౌకరీ పోయే దాకా, పోలీసు కేసు దాకా వచ్చింది. ఈ మాటల్లో తగ్గించడానికి ఏమీ లేదు. సంగారెడ్డి కాన్వెంటులో సిస్టర్లు నాకు అబద్ధం పాపమని నేర్పారు. సాగదీయడం గురించి ఆ ఏడు సిలబసులో లేదు.

బర్నబాది రుద్రారం దగ్గర చిన్న పల్లె. పుట్టినప్పుడు నాయనమ్మ రాజవ్వ, చనిపోయిన తన తమ్ముడి గుర్తుగా ‘నర్సన్న’ అని పిలుచుకుంది. మూడో నెలలో తండ్రి చర్చికి తీసుకుపోయి ‘బర్నబా’ అని పెట్టించాడు. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. దాంతో ఊళ్ళో నర్సన్న, బడి సర్టిఫికెట్లో బర్నబా. పల్లె నుంచి వచ్చినవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర ‘నర్సన్న ఉన్నడా’ అని అడిగితే వాచ్‌మన్ ఆ పేరుగలవాళ్ళెవరూ లేరని పంపించేసిన రోజులున్నాయి.

‘రెండు పేర్లతోటి పరేషాన్ కాదా’ అని ఒకసారి అడిగాను.

‘ఎందుకు సార్? ఏ పేరుతోటి పిలిచి బువ్వ పెట్టినా నిండేది గీ కడుపే గద’ అన్నాడు.

ఇంటర్ తర్వాత సంగారెడ్డిలో టైపు లోయరూ హయ్యరూ పాసై, 1986లో మా ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాడు. సన్నగా, నిటారుగా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు. అతనికి ‘అనుకుంటా’ అనే మాట రాదు. అయితే అవును, లేకపోతే కాదు. ఒట్టు పెట్టడు, పెట్టనివ్వడు. బర్నబా ‘సరే’ అన్న కాగితాన్ని మేనేజర్లు కూడా రెండోసారి చూసేవాళ్ళు కాదు. ఆ పేరు సంపాదించడానికి అతనికి పదిహేనేళ్ళు పట్టింది. తర్వాత జరిగినదానికి ఆ పేరే కారణమైంది.

మా ఫ్యాక్టరీలో ప్రతి మందుకూ ఒక బ్యాచ్ షీటు ఉండేది. ఏది ముందు పొయ్యాలి, ఎంత వేడి చెయ్యాలి, ఎంతసేపు తిప్పాలి, అన్నీ అందులో అంకె అంకెకూ ఉంటాయి. మందు ఉడికించే పెద్ద పాత్రను రియాక్టరు అంటారు. దాన్ని నడిపే ఆపరేటరు దగ్గర ఒక ప్రతి, క్వాలిటీ కెమిస్టు దగ్గర ఒక ప్రతి. బ్యాచి మొదలుపెట్టే ముందు ఇద్దరూ రియాక్టరు పక్కన నిలబడేవాళ్ళు. ఆపరేటరు తన కాగితం గట్టిగా చదవాలి. కెమిస్టు తన కాగితంలో చూసుకుంటూ ఒక్కో వరుసకు ‘సరే’ అనాలి. మిషన్ల మోతలో అరిచి చదివేవాళ్ళు కాబట్టి, పెళ్ళిలో మైకు పట్టుకుని ఎవరేమి పెట్టారో చదివినట్టుందని వర్కర్లు దీనికి ‘చదివింపులు’ అని పేరు పెట్టారు. ‘సత్తయ్యగారు యాభై లీటర్ల యాసిడు చదివించిండ్రహో’ అని ఒకడు అరిస్తే అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే తప్పులు పట్టేవాళ్ళు. రెండు ప్రతులు వేరువేరుగా టైపయ్యేవి కాబట్టి ఒకదాంట్లో మార్చింది ఇంకోదాంట్లో మరిచిపోవడం మామూలే.

1998లో కంప్యూటర్లొచ్చాయి. సికింద్రాబాదు నుంచి వచ్చిన సిస్టమ్ ఇంజినీరు ఏసీ గదిలో సర్వర్ పెట్టాడు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కనబడే టెర్మినల్ ఒకటి బర్నబాకు ఇచ్చాడు. రెండు ప్రతుల గొడవ విని అతను ఒక ఉపాయం చేశాడు. ప్రతి షీటూ సర్వరులో ఒక్కటే ఫైలు, కానీ దానికి రెండు పేర్లు. ప్రొడక్షన్ ఫోల్డరులో ఒక పేరు, క్వాలిటీ ఫోల్డరులో ఇంకో పేరు. ఏ పేరుతో తెరిచినా తెరుచుకునేది అదే. ఒకచోట దిద్దితే రెండోచోట దిద్దినట్టే. దాన్ని హార్డ్ లింక్ అంటారని ఇంజినీరు చెప్పాడు. మా అందరికీ అర్థం కావడానికి వారం పట్టింది. బర్నబాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

‘నా లెక్కనే గద సార్’ అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఫైళ్ళ మీద అతనికి సొంత మనుషుల మీద ఉండేంత నమ్మకం. నెల తిరగకుండా మీటింగులో లేచి నిలబడి మేనేజరుతో అన్నాడు: ‘సార్, కాయితాలు రెండున్నప్పుడు చదివి సూసుకునుడు. కాయితమే ఒక్కటైనంక ఎవలకు చదువుతరు?’

ఒక్కో బ్యాచికీ ఇరవై నిమిషాలు మిగులుతాయని మేనేజరు మురిసిపోయాడు. చదివింపులు ఆగిపోయాయి. ఆపరేటరు తన ఫోల్డరులోంచి ప్రింటు తీసుకునేవాడు, కెమిస్టు తన ఫోల్డరులోంచి తీసుకునేవాడు, ఒకరిది ఒకరు చూడకుండా సంతకాలు పెట్టేవాళ్ళు. మూడేళ్ళు ఏ తప్పూ రాలేదు.

ఇప్పుడు దసరా దగ్గరికి వద్దాం.

ఆ పొద్దున ల్యాబు నుంచి కబురొచ్చింది. మూడో నంబరు రియాక్టరులో చేసే మందును అరవై అయిదు డిగ్రీల దాకా వేడి చేస్తే లోపల గ్యాసు పుడుతోందనీ, నలభై అయిదు దాటనివ్వొద్దనీ. తర్వాతి బ్యాచి మొదలయ్యేలోపు షీటు మార్చాలి. మేనేజరు ఆ పని బర్నబాకు చెప్పాడు. అతను కంప్యూటర్ గదికి వెళ్ళేసరికి, అక్కడ ఊడ్చే మల్లమ్మ అతని టెర్మినలుకు పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు నిమ్మకాయ కోసి, పైన కొత్త తువ్వాల కప్పేసింది.

‘ఇయ్యాల దాన్ని ముట్టద్దు బర్నబా సార్’ అంది చీపురు అడ్డం పెట్టి. ‘పూజైన పనిముట్టుకు పొద్దుగూకే దాంక సెలవు.’

‘మల్లమ్మక్కా, రెండంకెలే. నిమిషం పని.’

‘రెండైనా రెండొందలైనా గంతే. మీ సామి ఐతారం నాడు నిన్ను పనిజెయ్యనిస్తడా?’

‘ఇయ్యడు.’

‘మరి మా అమ్మవారు అగ్గువకు దొరికిందా?’

బర్నబా నవ్వి చేతులెత్తేశాడు. పక్క బల్ల మీద రంగుల తెర కంప్యూటరు ఒకటుంది. వారం కిందటే వచ్చింది. దానికి బొట్టు లేదు, పువ్వు లేదు.

‘మరి దీనికెందుకు పూజ చెయ్యలే?’

‘అదింకేం పని జేసిందని? సంవత్సరం జెయ్యనీ, అప్పుడు పెడ్త బొట్టు’ అంది మల్లమ్మ.

బర్నబా దాని ముందు కూర్చున్నాడు. నెట్‌వర్కు తీగ మీదుగా సర్వరులోని ఫోల్డర్లన్నీ అందులో ‘జెడ్ డ్రైవు’ అనే పేరుతో కనబడేవి. ఫైళ్ళు దిద్దే కొత్త ఎడిటరు ప్రోగ్రాము కూడా ఎక్కించి ఉంది. క్వాలిటీ ఫోల్డరు తెరిచి, షీటు తీసి, 65 కొట్టేసి 45 చేసి, సేవ్ చేశాడు. మూసి మళ్ళీ తెరిచాడు. 45. ఎర్ర పెన్సిలుతో డైరీలో టిక్కు పెట్టుకున్నాడు. ప్రొడక్షన్ ఫోల్డరులో పేరు తెరిచి చూడలేదు. తన ముఖం అద్దంలో చూసుకుని, నర్సన్న ముఖం ఎలా ఉందో మళ్ళీ చూడాలని ఎవడనుకుంటాడు?

ఆ మందు తర్వాతి బ్యాచి పెట్టిన రోజు, నవంబరులో, పొద్దున పది గంటలకు మూడో రియాక్టరు పేలింది. ఆ చప్పుడు ఇస్నాపూర్ చౌరస్తా దాకా వినబడింది. సరే, మా గేటు దాకా. నిజానికి పేలింది రియాక్టరు కాదు, లోపల ఒత్తిడి మించితే ముందు తానే పగిలిపోయేందుకు పైన బిగించే పలుచని రేకు. అది పగిలి లోపలి మరిగే సరుకంతా పైకెగిసింది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి తెల్లటి పొగలో ఆపరేటరు కొమురయ్య ఎడమ చేయి గాల్లో పెట్టుకుని, కుడిచేత్తో ఆవిరి వాల్వు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. మోచేయి కింద చర్మం చొక్కాకు అంటుకుపోయింది. కింద అంతస్తులో ఆరుగురున్నారు. వాల్వు పూర్తిగా మూతపడ్డాకే అతను కూలబడ్డాడు.

కొమురయ్యది బర్నబా ఊరే. అతన్ని ఫ్యాక్టరీలో పెట్టించింది బర్నబాయే. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. జనవరిలో పర్మనెంటు చేసే లిస్టులో మొదటి పేరు అతనిదే.

ఆ లిస్టులో ఇక అతని పేరు ఉండదని మూడో రోజుకే తేలిపోయింది. అతని చేతిలో ఉన్న కాగితంలో 65 ఉంది. కెమిస్టు కాగితంలో 45 ఉంది. మేనేజరు బర్నబాను పిలిచి, నువ్వు మార్చావా అని అడిగాడు. మార్చిన అన్నాడు. రెండు ఫోల్డర్లలోనా అని అడిగాడు.

‘రెండూ ఒక్కటే ఫైలు సార్. అండ్ల ఒకటి, ఇండ్ల ఒకటి ఉండే వీల్లేదు.’

తెరిచి చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. రాసిచ్చి సంతకం పెట్టాడు. అంటే కొమురయ్య కొత్త ప్రింటు తీయకుండా, ఎక్కడో దాచుకున్న పాత కాగితంతో బ్యాచి నడిపాడు. పైగా పొద్దునే తీశానని అబద్ధమాడుతున్నాడు. బర్నబా సంతకం ఉన్నాక ఇంకెవరు అడుగుతారు?

ఆ సాయంత్రం కొమురయ్య భార్య పుష్పమ్మ బర్నబా ఇంటి ముందు నిలబడింది. ఈ సంగతి బర్నబాయే తర్వాత నాకు చెప్పాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

‘నర్సన్నా అని పిలువాల్నా, బర్నబా సారూ అని పిలువాల్నా?’

‘గదేం మాట పుష్పమ్మా.’

‘ఊర్ల నర్సన్న మా ఆయనను చెయ్యి వట్టుకొని తీస్కవోయి నౌకరి పెట్టించిండు. కంపెనిల బర్నబా సారు గదే చెయ్యి కాలినంక వాడు లంగ, అబద్ధాలోడు అని రాసిచ్చిండు. గందుకే అడుగుతున్న, ఎవలున్నరు ఇంట్ల?’

ఉన్నదే రాశానని ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాడట.

కంపెనీలో విచారణ పెట్టారు. వర్కరు తరఫున ఒక తోటి ఉద్యోగి కూర్చోవచ్చు. కొమురయ్య నన్ను అడిగాడు. స్టోర్సులో కథలు చెప్పే ముసలాయన తప్ప అంత ధైర్యం చేసేవాడు దొరకలేదు కాబోలు. కంప్యూటర్ గదిలోనే బల్లలు వేశారు. మేనేజరు, బర్నబా, కట్టుతో కొమురయ్య, నేను. మూల మల్లమ్మ నేల తుడుస్తోంది. ఆమెను బయటికి పొమ్మనాలని ఎవరికీ తట్టలేదు.

‘కాగితం ఎప్పుడు తీసినవు?’ అని అడిగాను కొమురయ్యను.

అతను బర్నబా వైపు చూశాడు. ‘ఆ దినం పొద్దుగాల్నే తీసిన అనుకున్న సార్. కని బర్నబా సారు గట్ల వీల్లేదన్నడు. ఆయన అబద్ధమాడడు. నేనే పాతది తెచ్చిన్నేమో. నాకే యాదికి లేదేమో.’

చెయ్యి కాలినవాడు తన జ్ఞాపకాన్నే అనుమానిస్తున్నాడు, బర్నబా మాటను అనుమానించలేక. బర్నబా తల దించుకున్నాడు. ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా నర్సన్నా అని పిలిచినవాడు ‘బర్నబా సారు’ అన్నాడు.

‘ఒక్కసారి ప్రొడక్షన్ ఫోల్డరులోది తెరవండి. ఒక్కటే అయినా సరే, నా కోసం’ అన్నాను.

బర్నబా తెరిచాడు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. 65.

బర్నబా మూసి మళ్ళీ తెరిచాడు. 65. క్వాలిటీది తెరిచాడు. 45. ఆ క్షణంలో అతని ముఖం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. తలుపు తీస్తే ఎదురుగా తానే నిలబడి ఉన్నట్టుంది.

అయితే కొమురయ్య బతికిపోయాడు కదా అనుకున్నాను. నా తెలివితక్కువతనం. మేనేజరు బల్ల మీద చరిచాడు.

‘అంటే ఎవరో పాత ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టారు! ఇతన్ని కాపాడటానికి! ఇది ఫోర్జరీ. నేను సంగారెడ్డి పోలీసులకు రాస్తాను.’

‘ఉండుండ్రి సార్’ అన్నాడు బర్నబా. ఒక కొత్త ఫైలు చేసి, ఇంజినీరు నేర్పినట్టు దానికి రెండో పేరు పెట్టాడు. నల్ల తెర మీదే తెరిచి ఒక అంకె మార్చి సేవ్ చేశాడు. రెండో పేరుతో తెరిచాడు. మారింది. ఇంకోసారి చేశాడు. మారింది. అయిదుసార్లు చేశాడు, అయిదుసార్లూ మారింది. చేస్తున్నకొద్దీ చెమట పడుతోంది. తాను చెప్పింది నిజమేనని తానే రుజువు చేస్తున్నాడు. ఆ రుజువు కొమురయ్య మెడకే బిగుస్తోంది.

మేనేజరు కలం తీశాడు.

అప్పుడు మల్లమ్మ తడిబట్ట పిండుతూ అంది: ‘ఆ డబ్బ మీద చేస్తే ఏమొస్తది సార్? ఆ దినం నువ్వు దాని మీద చెయ్యలే గదా.’

‘ఏ దినం?’

‘దసరా నాడు. నేను తువ్వాల గప్పి ముట్టద్దంటి. నువ్వు గా బొట్టు లేని దాని మీద కూసుంటివి.’

బర్నబా లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. రంగుల తెర ముందుకు వెళ్ళాడు. జెడ్ డ్రైవు తెరిచి, అదే ఫైలు, అదే అంకె, సేవ్. వెనక్కొచ్చి నల్ల తెర మీద రెండో పేరుతో చూశాడు. మారలేదు. మళ్ళీ మొదటి పేరు. మారింది. రెండో పేరు. మారలేదు. మా కళ్ళముందే ఒక్కటి రెండయ్యింది. నేను నా గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నాను. మేనేజరు ఏం వేసుకోవాలో తెలియక కలం మూత వేసుకున్నాడు.

ఇంజినీరుకు ఫోను చేశాం. అతను చెప్పింది నేను నా మాటల్లో చెబుతాను: ఫైలు ఒక నోటుబుక్కు, పేరు దాని మీద అంటించిన చీటీ అనుకోండి. పాత ఎడిటరు సర్వరులోనే కూర్చుని ఉంటుంది. సేవ్ చేసే ముందు, ఈ నోటుబుక్కుకు ఎన్ని పేర్లున్నాయని చూసుకుంటుంది. రెండున్నాయంటే, అదే నోటుబుక్కులో చెరిపి అక్కడే రాస్తుంది. కొత్తది అలా కాదు. మధ్యలో కరెంటు పోతే సగం రాత మిగులుతుందని దాని భయం. అందుకని పక్కన ఒక కొత్త నోటుబుక్కులో మొత్తం రాసి, అది పూర్తయ్యాక పాతదాని మీది చీటీ పీకి దీనికి అంటిస్తుంది. ఒక్క పేరే ఉన్న ఫైలుకు అది మంచి జాగ్రత్తే. కానీ ఇక్కడ పాత నోటుబుక్కుకు ఇంకో చీటీ కూడా ఉంది. తీగ అవతల కూర్చున్న కొత్త ఎడిటరు ఆ రెండో చీటీ సంగతి చూసుకోలేదు. కాబట్టి పాతది పోకుండా, రెండో పేరు పెట్టుకుని, 65తో అలాగే బతికి ఉంది.

‘అంటే బర్నబా అని కొత్తోన్ని పుట్టించి, పాతోన్ని నర్సన్న లెక్కనే ఉంచింది’ అన్నాడు బర్నబా ఫోను పెట్టేసి.

తర్వాత నల్ల తెర మీద ఫైళ్ళ పట్టీ తెప్పించాడు. ప్రతి పేరుకూ ఎడమపక్కన ఒక చిన్న అంకె ఉంటుంది. మూడేళ్ళుగా అన్నిటికీ 2 చూస్తున్నాడు. అది ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు. కంప్యూటరుకు రెండంటే ఇష్టం కాబోలనుకున్నాడట. ఇప్పుడు మూడో రియాక్టరు షీటు పక్కన 1 ఉంది. వేలు పెట్టి కిందికి జరిపాడు. ఇంకో 1. ఇంకొకటి. దసరా నుంచి అతను అలవాటుపడి రంగుల తెర మీద దిద్దినవి మొత్తం అయిదు షీట్లు. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది.

‘ఇది ఇప్పుడు నడుస్తుంది సార్. ఒకటో రియాక్టరు మీద. సత్తయ్య డ్యూటీ.’

ఇంకేమీ చెప్పకుండా పరుగెత్తాడు. నలభై మూడేళ్ళ మనిషి, పదిహేనేళ్ళలో ఎన్నడూ నడక కూడా వేగం పెంచనివాడు, హెల్మెటు లేకుండా, డ్రమ్ముల మధ్య నుంచి, ‘సత్తయ్యా, ఆపు! ఆవిరి బంద్ జెయ్!’ అని అరుస్తూ పోయాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే పటాన్‌చెరు సగం ఎగిరిపోయేదని నేను చాలామందికి చెప్పాను. నిజమేమిటంటే, ఆ షీటులో మారింది ఒక్కటే: పదిహేను నిమిషాలు తిప్పాల్సింది ఇరవై నిమిషాలని. ఏమీ అయ్యేది కాదు. కానీ పరుగెత్తేటప్పుడు బర్నబాకు అది తెలియదు.

తిరిగొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. కొమురయ్య తన కుడిచేత్తో బల్ల మీది గ్లాసు తీసుకెళ్ళి అందించాడు.

‘జెర నీళ్ళు దాగు నర్సన్నా.’

బర్నబా గ్లాసు పట్టుకున్నాడు. తాగలేదు. మేనేజరు వైపు తిరిగాడు.

‘రాసుకోండ్రి సార్. కొమురయ్య అబద్ధమాడలే. నేనాడిన.’

‘నీకు తెలియదు కదయ్యా. ఎవరికి తెలుసు? కంప్యూటరు తప్పని రాద్దాం. ఎవరికీ ఏమీ కాదు.’

‘కంప్యూటర్ని ఎవలన్న అడిగిండ్రా సార్, రెండూ ఒక్కటేనా అని? నన్నడిగిండ్రు. నేను సూడకుంట సంతకం పెట్టిన. సూడకుంట చెప్పిన మాట అబద్ధమే. ఇంకోటి రాయుండ్రి. చదువుడు బంద్ జేయించింది నేను. ఆ దినం కొమురయ్య గట్టిగ చదివితే, అరవై అయిదు కాడనే దొరుకుతుండె. చెయ్యి కాలకపోవు.’

మేనేజరు మళ్ళీ కలం మూత తీశాడు. బర్నబా అక్కడే నిలబడి, ఒక్కో వరుసా తాను చెబుతూ, అతను రాసింది పైకి చదివించుకుని, ‘సరే’ అంటూ మొత్తం రాయించాడు. ఆఖరున సంతకం పెట్టాడు. ఈసారి పెట్టే ముందు రెండు పేజీలూ తిప్పి చూశాడు.

కొమురయ్య మీది అభియోగం తీసేశారు. జనవరి లిస్టులో అతని పేరు మొదటే ఉంది. ఎడమ చేతి వేళ్ళు రెండు పూర్తిగా ముడవవు. బర్నబాకు మెమో ఇచ్చి కంప్యూటర్ గది నుంచి హాజరు చూసే టైం ఆఫీసుకు మార్చారు. అతను ఒక్కటే అడిగాడు, చదివింపులు మళ్ళీ పెట్టమని. పెట్టారు. రిటైరయ్యే దాకా రోజూ పొద్దున తన పంచింగు పని కాగానే రియాక్టర్ల దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని వినేవాడు. ఆపరేటరు గొంతు తగ్గిస్తే ‘వినవడ్తలేదు’ అనేవాడు. మల్లమ్మ మరుసటి దసరాకు రంగుల కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టింది. పని చేసినందుకు కాదట, ఇంకోసారి చెయ్యకుండా ఉండేందుకట.

ఇదంతా రాసి, పోయిన ఆదివారం చర్చి అయ్యాక బర్నబాను సంగారెడ్డిలో మా ఇంటికి పిలిచాను. ఆటో దిగి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. చదువుతాను విను అన్నాను.

‘రెండో కాయితమేది?’ అన్నాడు.

జిరాక్సు ప్రతి ఇచ్చాను. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. నేను గట్టిగా చదివాను. అతను తన కాగితంలో వేలు జరుపుకుంటూ విన్నాడు. మొదటి పేరా అయ్యాక ‘సరే’ కోసం ఆగాను.

‘కాదు’ అన్నాడు.

‘ఏది కాదు?’

‘ఏదీ కాదు. చదువుండ్రి.’

అంతా చదివాను. ప్రతి పేరాకూ ‘కాదు’ అంటూ ఎర్ర గీత గీశాడు.

‘దసరా నాడు నువ్వు కంప్యూటరు మీద కూర్చోలేదా?’

‘ఆ దినం నేను లీవుల ఉన్న.’

‘కొమురయ్య చెయ్యి?’

‘ఇంట్ల పొయ్యి కాడ కాలింది.’

‘నువ్వు పరుగెత్తలేదా?’

‘నాకు ఉరుకుడు రాదు సార్.’

‘బర్నబా, నువ్వు జన్మలో అబద్ధమాడవని నేను ఇంత కథ రాశాను కదయ్యా!’

అతను నవ్వు దాచుకుంటూ కాగితాలు మడిచి, నా చేతిలో పెట్టి, చెప్పులేసుకున్నాడు.

‘గా బర్నబా ఎవలో నాకు తెల్వదు సార్. నా పేరు నర్సన్న. గిండ్ల రాసిందంత అబద్ధం. ఒక్కటి గూడ జరుగలే.’